అడుగులు, పండ్లు, బరువులు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల తిరునాళ్లలో బండలాగుడు పందెము మీరెఱిగినదే. నియమితకాలమున ఏ కాడి ఎన్ని అడుగులు లాగెనో కొలిచి వ్రాయుదురు. ఆ అంకెనుబట్టియే ఎడ్లకు వెల కట్టువారును కలరు. బండ బరువెంత, నేల యెట్టిది, ఎడ్లకెన్ని పండ్లు అని యడుగక వెల నిచ్చువాడు మోసపోవును. రెండు పండ్లవానికి, నాలుగు, ఆరు పండ్లవానికి వేఱువేఱుగా పందెములు పెట్టుట యిందులకే.

గుఱ్ఱపు పందెములందును ఇదే చిక్కు. ఇంగ్లండున అడ్మిరల్ రౌసు దొర 1855లో బరువుల నిర్ణేతయై, గుఱ్ఱపు వయస్సును, మాసమును, దూరమును బట్టి మోయవలసిన బరువులకు పట్టిక కట్టెను. పరుగుకాలమును గడియారము చెప్పును గాని, మోసిన బరువును, నేల తడిని లెక్కింపక రెండు గుఱ్ఱములను పోల్పరాదు.

ఒక్క భేదము కలదు. అక్కడ పందెమును సరితూచుటకై గెలిచిన గుఱ్ఱమునకు బరువు పెంచుదురు. ఇక్కడ కాడి ఎన్ని బహుమతులు గెలిచినను ఆ తరగతి బండ మాఱదు.