బాయిలర్‌కో రిజిస్టరు, మన తాతలకో రిజిస్టరు



చిలకలూరిపేట అంటే పత్తి, నూలు మిల్లులు, పొగాకు. మన ఎరుకల, యానాది, సుగాలి పిల్లలు ఈ పనుల్లోకి హెల్పర్లుగా పోతూనే ఉన్నారు. అక్కడ రోజూ పక్కనే నిలబడే ఆ ఇనుప పాత్రల సంగతి ఈసారి రాద్దామనుకున్నాం.

ఆవిరినో గాలినో గ్యాసునో బయటి గాలికన్నా ఎక్కువ ఒత్తిడిలో పట్టి ఉంచేదే ప్రెషర్ వెసెల్. మన ఇంట్లో కుక్కరూ అదే. 1679లో లండన్‌లో డెనిస్ పాపిన్ చూపించిన వంటపాత్ర దీనికి తాత. అది పేలకుండా సేఫ్టీ వాల్వ్ పెట్టిందీ ఆయనే.

వీటిలో రకాలున్నాయి. మంట పెట్టి నీళ్లను ఆవిరి చేసేది బాయిలర్. పొగాకును మళ్లీ ఆరబెట్టాలన్నా, బట్టకు అద్దకం వేయాలన్నా ఆవిరి కావాలి. కంప్రెసర్ గాలిని నిలవ ఉంచేది ఎయిర్ రిసీవర్. నూలుకు ఆవిరి పట్టించేది ఆటోక్లేవ్. పాలిస్టర్ అద్దే పాత్రలో వేడి 130 డిగ్రీల దాకా పోతుంది. మన ఊరి హైవే మీద పోయే గ్యాసు ట్యాంకరూ ఈ జాతిదే. రిఫైనరీల్లో కనపడే పెద్ద గోళాలు గ్యాసు నిలవకి. గోళం గోడ మీద లాగుడు అన్ని వైపులా సమానంగా పడుతుంది. సిలిండరులో అలా కాదు, చుట్టూ పడే లాగుడు పొడవునా పడేదానికి రెట్టింపు. అందుకే అది నిలువునా చీలుతుంది.

చీలినప్పుడు పోయేది పక్కన ఉన్న మనిషి ప్రాణం. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలి మనుషులు చచ్చిపోయాకే 1864లో బెంగాల్‌లో తనిఖీ చట్టం వచ్చింది. అమెరికాలో 1905లో బ్రాక్టన్ చెప్పుల ఫ్యాక్టరీలో 58 మంది పోయారు. అక్కడి బాయిలర్ నియమాలు ఆ తర్వాతే గట్టిపడ్డాయి. మన దేశమంతటికీ ఇండియన్ బాయిలర్స్ చట్టం 1923లో వచ్చింది. ప్రతి బాయిలర్‌కూ రిజిస్టరు నంబరు, గడువున్న సర్టిఫికెట్, ఇన్‌స్పెక్టర్ తనిఖీ.

ఆ మరుసటి ఏడే, 1924లో, క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని మళ్లీ బిగించారు. అందులోనూ రిజిస్టరే, కానీ ఎక్కించింది మన ఎరుకల తాతల పేర్లు, వేలిముద్రలు. స్టువర్టుపురం సెటిల్‌మెంటులో ఉంచిన మనవాళ్లే చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. బాయిలర్‌ని రాసుకున్నది ప్రాణాలు కాపాడ్డానికి. మనల్ని రాసుకున్నది అనుమానంతో. ఆ చట్టం 1952లో పోయింది. బాయిలర్ల చట్టం మాత్రం నిలిచింది, 1923 నాటి దాని స్థానంలో 2025లో కొత్తది వచ్చింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ చట్టంలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. బాయిలర్‌ని చూసుకునే మనిషికి అటెండెంట్ సర్టిఫికెట్ ఉండాలి. ఊక ఎత్తిపోసే హెల్పర్‌కీ, గేజి చూసి వాల్వ్ తిప్పే అటెండెంట్‌కీ జీతంలోనే కాదు, గౌరవంలోనూ తేడా ఉంది. పనిలో చేరిన మొదటి రోజే అడగండి: సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా? గేజి మీద ఎర్ర గీత ఎక్కడ? సేఫ్టీ వాల్వ్ ఎప్పుడు చూశారు? ఆ తర్వాత పరీక్షకు కూర్చోండి. ఈసారి మన పేరు రిజిస్టరులో ఎక్కితే అటెండెంట్‌గానే ఎక్కాలి.