బిడ్డ నిద్ర, తల్లి మనసు: మెల్‌బోర్న్ ప్రయోగాలు మన ఇళ్లకు చెప్పేదేమిటి?

చంటిబిడ్డ నిద్ర గురించి మాట్లాడేటప్పుడు లెక్కలన్నీ బిడ్డవే: రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎంతసేపు పడుకుంది. ఆ నిద్ర కుదుటపడితే తల్లిదండ్రులకు ఏం మేలు జరుగుతుందన్నది విడిగా అడగవలసిన ప్రశ్న. దీనికి చాలా గట్టి ఆధారాలు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరం నుంచి వచ్చాయి. ఆ ఫలితాల్లో ఒక విశేషం ఉంది. పిల్లల నిద్రలో తేడా దాదాపు చెరిగిపోయాక కూడా తల్లుల మనసుకు కలిగిన మేలు నిలిచింది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ విశేషాన్ని అర్థం చేసుకునే ప్రయత్నం.

హారియట్ హిస్కాక్, మెలిస్సా వేక్ తమ తొలి ప్రయోగాన్ని 2002లో ప్రచురించారు. అందులో 6 నుంచి 12 నెలల పిల్లలున్న 156 మంది తల్లులు పాల్గొన్నారు. నిద్ర విషయంలో సలహా అందినవారిలో కుంగుబాటు తగ్గింది. మొదటినుంచీ ఎక్కువగా కుంగిపోయి ఉన్నవారిలో ఆ మేలు ఎక్కువ కాలం కనిపించింది. తర్వాతి ప్రయోగం ఇంకా పెద్దది. ఏడు నెలల బిడ్డకు నిద్ర సమస్య ఉందని చెప్పిన 328 మంది తల్లులను 49 మాతాశిశు ఆరోగ్య కేంద్రాల నుంచి ఎంచుకున్నారు. కొన్ని కేంద్రాల నర్సులకు శిక్షణ ఇచ్చారు. బిడ్డకు ఎనిమిదో నెలలో జరిగే మామూలు పరీక్షలోనే వారు తల్లితో కూర్చుని ఒక పద్ధతి కుదుర్చుకునేవారు. ఏడిస్తే కాస్త ఆగి వెళ్లి ఊరడించడం, ఆ వ్యవధిని మెల్లగా పెంచడం ఒక దారి. బిడ్డ పక్కనే కూర్చుని, రోజులు గడిచేకొద్దీ కుర్చీని దూరం జరపడం రెండో దారి. ఏది ఎంచుకోవాలన్నది తల్లి ఇష్టం.

ఏడాది నిండేసరికి నిద్ర సమస్య ఉందని చెప్పినవారు సలహా అందిన వర్గంలో 39 శాతం, అందని వర్గంలో 55 శాతం. రెండేళ్లు వచ్చేసరికి పిల్లల నిద్రలో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ కుంగుబాటు లక్షణాలున్న తల్లులు సలహా అందిన వర్గంలో 15.4 శాతం ఉంటే, అందని వర్గంలో 26.4 శాతం ఉన్నారు. పిల్లలకు ఆరేళ్లు వచ్చాక మళ్లీ చూశారు. అప్పటికి మేలూ మిగల్లేదు, కీడూ కనిపించలేదు. తల్లీబిడ్డల అనుబంధం దెబ్బతింటుందని భయపడినవారికి ఈ చివరి ఫలితం ముఖ్యమైనది.

రెండేళ్ల నాటి అంకెలను ఎలా చదవాలి? తల్లి తేరుకోవడానికి కారణం బిడ్డ నిద్ర ఒక్కటే అయితే, నిద్రలో తేడా పోగానే మనసులో తేడా కూడా తగ్గాలి. అలా జరగలేదు. బాగా అలసిపోయిన నెలల్లో దొరికిన విశ్రాంతి ఒక కారణమనీ, తన కష్టాన్ని ఒకరు అడిగి తెలుసుకుని చేతికొక దారి చూపడం మరో కారణమనీ నేను భావిస్తున్నాను. రెండోదాన్ని తక్కువగా చూడకూడదు.

బిడ్డ నిద్ర ఒక్కటే కారణం కాదన్న మాటను బలపరిచే ఆధారం కెనడాలో ఉంది. మారీ హెలెన్ పెన్నెస్ట్రి బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఆరు నెలల పిల్లల్లో సుమారు 38 శాతం మంది ఏకధాటిగా ఆరు గంటలు నిద్రపోవడం లేదు. ఏడాది వయసులోనూ దాదాపు 28 శాతం మంది అంతే. అయినా ఆ పిల్లల ఎదుగుదలకు గానీ, తల్లుల మనఃస్థితికి గానీ దానితో సంబంధం కనిపించలేదు. రాత్రి లేవడం ఆ వయసు పిల్లలకు సహజమేనన్నమాట. మెల్‌బోర్న్ తల్లులు మాత్రం దాన్ని సమస్యగా అనుభవిస్తూ వచ్చినవారు. మేలు జరిగింది ఆ అనుభవానికే.

ఇంతమాత్రాన తల్లి అలసట ఊహ అనుకోవడం అన్యాయం. టెల్ అవీవ్‌లో మిచల్ కాన్, ఆవీ సదే తదితరులు యువ విద్యార్థులను ఒక రాత్రి ఎనిమిది గంటలు పడకలో ఉండనిచ్చి, ఫోన్ చేసి నాలుగుసార్లు నిద్రలేపారు. మర్నాటికి వారి మనసు, ఏకాగ్రత నాలుగు గంటలే పడుకున్నవారి స్థితికి దిగజారాయి. ఒక్క రాత్రికే అది. తునకలైన నిద్రతో నెలలు గడిపే తల్లిని ‘పగలు పడుకోవచ్చుగా’ అనేవారు ఈ ఫలితం చదవాలి.

భార్యాభర్తల సంబంధం విషయంలో ఆధారాలు ఇంత నేరుగా లేవు. బర్క్‌లీలో ఏమీ గోర్డన్, సెరీనా చెన్ 2014లో జంటలను పరిశీలించారు. ఇద్దరిలో ఏ ఒక్కరికి నిద్ర చాలకపోయినా తగవు తేలడం కష్టమవుతోందని గమనించారు. వారు ప్రత్యేకంగా పసిపిల్లల తల్లిదండ్రులు కారు. అయినా ఇంట్లో ఒకరికే నిద్ర దక్కితే సరిపోదన్నది ఇక్కడ స్పష్టం. లియాట్ టికోట్‌స్కీ బృందం ఇజ్రాయెల్‌లో చేసిన అధ్యయనంలో, బిడ్డ సంరక్షణలో తండ్రి ఎక్కువగా పాలుపంచుకున్న ఇళ్లలో ఆరు నెలల పిల్లలు రాత్రి తక్కువసార్లు లేచారు. కార్యకారణాలు రెండు వైపులా ఉండవచ్చు. ప్రశ్న మాత్రం సరైనది: రాత్రి ఎవరు లేస్తున్నారు?

మన ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు నెలలను బట్టి మారుతుంది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయికి అమ్మో అమ్మమ్మో తోడు ఉంటారు. పాలిచ్చాక బిడ్డను అందుకుని ఉయ్యాల ఊపుతారు. మూడో నెలలోనో ఐదో నెలలోనో ఆమె అత్తవారింటికో, భర్త ఉద్యోగం చేసే ఊరికో చేరుతుంది. ఉద్యోగిని అయితే 2017 చట్ట సవరణ ఇచ్చిన 26 వారాల సెలవు కూడా ఆ రోజుల్లోనే అయిపోతుంది. మెల్‌బోర్న్ నర్సులు పలకరించిన వయసు వచ్చేనాటికి మన తల్లి దగ్గర రాత్రి బిడ్డను అందుకునే చేతులు తరచు ఉండవు. భారతదేశంలో ప్రసవానంతర కుంగుబాటు సగటున 22 శాతమని 2017లో వెలువడిన సమగ్ర సమీక్ష అంచనా వేసింది. అందువల్ల ఈ ఖాళీని చిన్నదనుకోలేం.

పక్కలో పడుకోబెట్టుకునే మన అలవాటుకు కుర్చీ జరిపే పద్ధతి ఉన్నదున్నట్టుగా అతకదు. ఈ ప్రయోగాలు ఆరు నెలలు నిండిన పిల్లలతో జరిగాయి కాబట్టి అంతకన్నా పసివాళ్లకు వాటిని వర్తింపజేయకూడదు. మనం తెచ్చుకోదగినది వేరొకటి ఉంది. 2018లో మొదలైన కార్యక్రమం ప్రకారం ఆశా కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలల్లో ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలి. ఆరో నెల, తొమ్మిదో నెల సందర్శనల్లో బిడ్డ బరువుతోపాటు తల్లి నిద్ర గురించి అడగాలి. ఆ మాటలప్పుడు భర్త, అత్తగారు కూడా పక్కన ఉండాలి. రాత్రిని ఎలా పంచుకోవాలో అక్కడే ఒక మాట అనుకోవాలి. కుంగుబాటు జాడలు కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. ఇలాంటి పలకరింపు మన తల్లులకు ఎంత ఉపకరిస్తుందో తెలుగు నేల మీదే, రెండు వర్గాలుగా విభజించి పరీక్షించడం మన వైద్య కళాశాలల చేతిలో ఉన్న పని.