తంగేడు చుట్టాలెవరు? ఒక పసుపు పువ్వు చరిత్ర

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో తంగేడు పువ్వు శాస్త్రీయ నామం ఏంటో వెతకండి. ఒక చోట కాసియా ఆరిక్యులేటా అని వస్తుంది. ఇంకో చోట సెన్నా ఆరిక్యులేటా అని వస్తుంది. పువ్వు ఒకటే, ఇంటిపేర్లు మాత్రం రెండు. ఎందుకిట్లా?

ఇవాళ చెప్పబోయేది ఆ రెండు ఇంటిపేర్ల కథే. దాని వెనక మన తెలుగు పేర్ల కథ ఉంది. ఆ తెలుగు పేర్ల వెనక కొంతమంది మనుషుల పని ఉంది. ఆ పని గురించి మనం పెద్దగా మాట్లాడుకోం. అందుకే ఈ ఎపిసోడ్.

నేను ఉండేది బల్కంపేటలో. బతుకమ్మ రోజులు వచ్చాయంటే ఇటు బల్కంపేట, అటు అమీర్‌పేట రోడ్ల పక్కన తంగేడు కట్టలు, గునుగు కట్టలు అమ్మకానికి కనబడతాయి. అవి ఇక్కడ పూసినవి కావు, ఊళ్ల నుంచి తెచ్చినవి. తంగేడు బీడు భూముల మొక్క. గుట్టలు, బండల సందులు, చెరువు కట్టలు, చేను గట్లు దాని జాగాలు. పంజాగుట్ట పేరులో గుట్ట అయితే మిగిలింది గానీ, గుట్ట మీద తంగేడు పూసే జాగా ఇప్పుడు లేదు.

మరి సిటీలో రోడ్ల పక్కన కనబడే పసుపు పూలన్నీ ఏంటి? చాలామంది వాటిని కూడా తంగేడే అనుకుంటారు. ఒక్కొక్కటిగా చూద్దాం. ఇదేం కష్టం కాదు, మూడు చూస్తే చాలు: ఆకు, కాయ, పూసే కాలం.

మొదట అసలు తంగేడు. ఇది పొద, చెట్టంత ఎదగదు. ఒక ఈనెకు రెండు వైపులా 8 నుంచి 12 జతల చిన్న ఆకులుంటాయి. ఆ ఈనె కొమ్మను తాకే చోట చిన్న చెవుల్లాంటి రెండు ఆకుపచ్చ రేకులు కనబడతాయి. ఆరిక్యులేటా అంటే లాటిన్‌లో చెవులు ఉన్నది అని అర్థం. కాయ పలచగా, కాగితంలాగా, బల్లపరుపుగా ఉంటుంది. వానల తర్వాత విరగబూస్తుంది. అందుకే బతుకమ్మకు సరిగ్గా అందుతుంది.

రెండోది రేల. ఇది చెట్టు. పూలు గుత్తులుగా కిందికి వేలాడతాయి. కాయ మూరెడు పొడవుండే గుండ్రటి కర్రలాగా ఉంటుంది, లోపల నల్లటి తియ్యటి గుజ్జు. పూసేది ఎండాకాలంలో. కేరళ వాళ్లు విషు పండక్కి పెట్టుకునే కొన్న పువ్వు ఇదే. థాయిలాండ్ జాతీయ పుష్పం కూడా ఇదే. బతుకమ్మ నాటికి రేల పూల కాలం దాటిపోతుంది.

మూడోది సీమ తంగేడు. రోడ్ల పక్కన, ఆఫీసుల ఆవరణల్లో నీడ కోసం పెంచే చెట్టు ఇది. పూలు కొమ్మ చివర గుత్తిగా పైకి నిలబడి ఉంటాయి, రేలలాగా వేలాడవు. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. సీమ అంటే బయటి దేశం. సీమ చింత అన్నట్టే సీమ తంగేడు.

నాలుగోది తగిరిస. తంటెం అని కూడా అంటారు. వానాకాలంలో ఎక్కడ ఖాళీ జాగా ఉంటే అక్కడ మొలిచే చిన్న మొక్క. మూడే మూడు జతల గుండ్రటి ఆకులు, అవి రాత్రి ముడుచుకుంటాయి. కాయ సన్నగా, పొడుగ్గా, కొడవలిలాగా వంగి ఉంటుంది.

ఐదోది కసివింద. నాలుగు నుంచి ఆరు జతల ఆకులు, కొనలు మొనదేలి ఉంటాయి. నలిపితే చెడు వాసన వస్తుంది. కాయ కొంచెం బల్లపరుపుగా ఉండి, అంచుల వెంట లేత రంగు గీత ఉంటుంది. దీని పుట్టిల్లు అమెరికా ఖండాలు.

ఈ ఐదోదాని దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. కసివింద గింజలు విషం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలం ముందు చిన్నపిల్లలు ఉన్నట్టుండి స్పృహ తప్పి చనిపోయేవాళ్లు. చాలా ఏళ్లు దాన్ని వైరస్ వల్ల వచ్చే మెదడువాపు అనుకున్నారు. ఆ పిల్లలు ఆడుకుంటూ కసివింద గింజలు తిన్నారని 2000ల్లో డాక్టర్లు తేల్చారు. 2016లో మన సరిహద్దు పక్కనే ఉన్న ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలో పిల్లలు చనిపోయినప్పుడు కూడా నిపుణులు ఈ గింజల వైపే వేలు చూపించారు. అన్నీ పసుపు పూలే కదా, ఏదైతే ఏంటి అనే మాట ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. చుట్టాల్లో ఎవరు ఎవరో తెలియడం ఒక్కోసారి ప్రాణం మీది విషయం.

ఇప్పుడు రెండు ఇంటిపేర్ల సంగతికి వద్దాం. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ మొక్కలన్నిటికీ రెండు మాటల పేర్లు పెడుతూ ఒక పెద్ద పుస్తకం వేశాడు. అందులో తంగేడు, రేల, తగిరిస, కసివింద అన్నిటికీ కాసియా అనే ఒకే ఇంటిపేరు ఇచ్చాడు. ఆ మరుసటి ఏడాదే ఇంగ్లండ్ తోటమాలి ఫిలిప్ మిల్లర్ సెన్నాను వేరే ఇల్లుగా లెక్కపెట్టాడు. అప్పటి నుంచి గొడవ మొదలు. ఒకాయన విడగొడితే, ఇంకొకాయన కలిపేవాడు.

ఈ గొడవలోకి మన నేల మీద పనిచేసిన ఒకాయన కూడా వస్తాడు. పేరు విలియం రాక్స్‌బర్గ్, ఈస్ట్ ఇండియా కంపెనీ డాక్టరు. 1781 నుంచి పదేళ్లకు పైగా గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉండి మొక్కల మీద పనిచేశాడు. తన పుస్తకాల్లో చాలా మొక్కల పక్కన తెలుగు పేర్లు కూడా రాసిపెట్టాడు. ఆయన చనిపోయాక 1832లో వచ్చిన ఫ్లోరా ఇండికాలో తంగేడును సెన్నా అనే పేరుతోనే పెట్టారు. ఇవాళ చెల్లే పేరుకు ఆధారం అదే. కానీ 1871లో జార్జ్ బెంథామ్ అనే పెద్ద శాస్త్రవేత్త మళ్లీ అన్నిటినీ కాసియాలోకి చేర్చేశాడు. ఆయన మాటకు బరువెక్కువ. వందేళ్లకు పైగా అందరూ అదే పాటించారు. మన పాత పుస్తకాల్లో తంగేడుకు కాసియా అని ఉండేది అందుకే. చివరికి 1982లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు మళ్లీ తేల్చి చెప్పారు: రేల కాసియా, తంగేడు సెన్నా. రేల పువ్వులో మూడు కేసరాలు పొడుగ్గా, కొక్కెంలాగా మెలికలు తిరిగి బయటికి ఉంటాయి. తంగేడు పువ్వులో ఆ మెలిక ఉండదు. ఇళ్లు వేరు చేయడానికి చూసిన తేడాల్లో ఇదొకటి.

ఇప్పుడు తెలుగు పేర్లు చూడండి. తంగేడు, సీమ తంగేడు, నేల తంగేడు. నేల తంగేడు అంటే సునాముఖి. మలబద్ధకానికి ఆకు వాడతారు కదా, అదే. ఈ మూడూ సెన్నాలే. రేల ఒక్కటే కాసియా, దానికి మనవాళ్లు తంగేడు అనే మాట అసలు తగిలించలేదు. శాస్త్రవేత్తలు 1753 నుంచి 1982 దాకా కలిపి, విడగొట్టి, మళ్లీ కలిపి, మళ్లీ విడగొట్టిన చోట, ఊళ్లో పేర్లు ముందు నుంచీ గీత సరిగ్గానే గీశాయి.

దీన్ని చూసి మన పూర్వీకులకు అన్నీ తెలుసు అని వాట్సాప్ ఫార్వర్డ్ తయారు చేయకండి. కొండ తంగేడు అని అడవిలో ఒక పెద్ద కలప చెట్టుంది. అది చిక్కుడు కుటుంబంలో దూరపు చుట్టం, సెన్నా కాదు. తగిరిస, కసివింద సెన్నాలే అయినా పేరులో తంగేడు లేదు. పేర్లు పెట్టిన మనుషులు కేసరాలు లెక్కపెట్టలేదు. ఏ మొక్క దేనికి పనికొస్తుందో చూశారు. మరి తంగేడు దేనికి పనికొచ్చింది?

దీని జవాబు పువ్వులో లేదు. చెక్కలో ఉంది.

తంగేడు చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం బాగా ఉంటుంది. పచ్చి తోలు అట్లాగే వదిలేస్తే కుళ్లిపోతుంది. టానిన్ తోలులోని మాంసకృత్తులను గట్టిగా పట్టుకుంటుంది, అప్పుడు కుళ్లదు, నీళ్లు తగిలినా పాడవదు. ఊళ్లల్లో ఈ పని చేసింది మాదిగలు. సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క నానిన నీళ్లలో రోజుల తరబడి తోలును పదును చేసేవాళ్లు. ఆ గుంతను, తొట్టిని లంద అంటారు. చెప్పులు ఆ తోలుతోనే. ఎడ్ల మెడపట్టీలు ఆ తోలుతోనే. మోటబావిలో నీళ్లు చేదే తొండం ఆ తోలుతోనే. కరెంటు మోటార్లు రాకముందు ఒక పొలానికి బావి నీళ్లు పారాయంటే, దాని వెనక లంద ఉంది, లంద వెనక తంగేడు ఉంది.

ఇది ఊరి దగ్గరే ఆగలేదు. తంగేడును తమిళంలో ఆవారం అంటారు, ఉర్దూలో తర్వార్ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవు నుంచి లండన్‌కు వెళ్లిన తోళ్లను ఎక్కువగా పదును చేసింది ఈ చెక్కతోనే. ఆఖర్లో కరక్కాయ నీళ్లలో వేసేవాళ్లు, రంగు ఎర్రబారకుండా. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగానికి ఈ తోలు వెళ్లింది. బతుకమ్మ మీద పెట్టే పువ్వు ఉన్న పొదే, ఆలోచించండి.

తర్వాత కాలం మారింది. 1903 నుంచి మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ క్రోమ్ ఉప్పుతో తోలు పదును చేసే ప్రయోగాలు చేశాడు. దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే తుమ్మ జాతి చెట్టు చెక్క దిగుమతి అయింది. ఊళ్లో మోట పోయి మోటారు వచ్చింది, తోలు చెప్పు పోయి రబ్బరు చెప్పు వచ్చింది. లందలు పూడిపోయాయి. తంగేడు చెక్క ఒలిచే పని పోయింది. పువ్వు మాత్రం మిగిలింది.

మిగలడమే కాదు, గౌరవం కూడా దక్కింది. 2014లో తెలంగాణ వచ్చాక బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. సంతోషమే. కానీ నాకు ఒక్క విషయం మనసులో నలుగుతుంటుంది. పువ్వును తల మీద పెట్టుకున్నాం. అదే పొద చెక్కతో పని చేసిన చేతుల్ని శతాబ్దాలు ఊరి బయట ఉంచాం. లంద వాసన అని ముక్కు మూసుకున్నవాళ్లు ఆ తోలు చెప్పులే తొడుక్కున్నారు. పువ్వు చరిత్ర చెప్పేటప్పుడు ఆ సగం వదిలేస్తే, చెప్పింది సగం చరిత్రే.

బల్కంపేటలో ఉండి ఈ మాట మర్చిపోవడం కష్టం. ఇక్కడి ఎల్లమ్మ అమ్మవారు నేల మట్టానికి కింద, నీళ్ల ఊట దగ్గర ఉంటుంది. ఆషాఢంలో కల్యాణానికి ఇసుక వేస్తే రాలనంత జనం. ఊళ్లల్లో చెప్పుకునే ఎల్లమ్మ కథలో, కొడుకు పరశురాముడు తల నరకడానికి వస్తుంటే రేణుక పరిగెత్తుకుని వెళ్లి తలదాచుకున్నది మాదిగవాడలో. మాదిగవాడ అంటే లంద, లంద అంటే తంగేడు చెక్క. అమ్మవారికి ఆసరా ఇచ్చింది ఎవరో కథకు గుర్తుంది. మనకే గుర్తు లేదు.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తా. తంగేడును మేకలు, పశువులు అంతగా ముట్టవు. కొట్టేసినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. చెక్క కోసం వందల ఏళ్లు నరికినా అది బతికింది. అది తట్టుకోలేనిది ఒక్కటే: బీడు మొత్తం చదును చేసి ప్లాట్లు కొట్టడం. బీడు అంటే పనికిరాని భూమి అనుకుంటాం. ఆ పనికిరాని భూమిలో ఒక రాష్ట్ర పుష్పం, ఒక పండుగ, ఒక వృత్తి మొత్తం బతికాయి.

ఈసారి బతుకమ్మకు కట్ట కొన్నప్పుడు ఆకు ఈనె మొదట్లో ఆ రెండు చెవులు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది తంగేడే. అమ్మే అమ్మను ఏ ఊరి నుంచి తెచ్చారో, అక్కడ ఇంకా ఎంత బీడు మిగిలిందో అడగండి. మీ ఊళ్లో లంద ఎక్కడ ఉండేదో తెలిసిన పెద్దలు ఉంటే వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి దాచుకోండి. ఆ మాటలు ఇంకా ఏ పుస్తకంలోకీ ఎక్కి ఉండకపోవచ్చు.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.