మధ్యలో దొరికిన సింగపూర్

విమానం నేల మీద వాలేసరికి మీ చేతి గడియారంలో తెల్లవారుజాము మూడున్నర. సింగపూర్‌లో ఆరు. కిటికీ బయట ఇంకా చీకటే. ఈ ఊరు భూమధ్యరేఖకు నూట ముప్పై ఏడు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఏడాది పొడుగునా సూర్యుడు ఏడింటికి గానీ లేవడు, మళ్ళీ సాయంత్రం ఏడింటికల్లా సర్దుకుంటాడు. హైదరాబాద్‌లో రాత్రి పదకొండింటికి ఎక్కిన మీకు మెల్‌బోర్న్ విమానం ఈ సాయంత్రం ఏడున్నరకి.

పక్క సీట్లలో నెల్లూరు దంపతులు. కూతురి పురుటికి వెళ్తున్నారు. సీటు బెల్టు విప్పుతూ ఆవిడ అడుగుతోంది: "ఏమండీ, బయటికి పోతే మళ్ళీ లోపలికి రానిస్తారంటారా?"

"ఎందుకొచ్చిన గొడవ? ఇక్కడే కూర్చుందాం. కుర్చీలు బావున్నాయంట," అన్నాడాయన.

కుర్చీలు బావున్న మాట నిజమే. చాంగీ విమానాశ్రయంతో వచ్చే చిక్కే అది. కడుపులో చల్ల కదలకుండా పగలంతా అక్కడే గడిపేయొచ్చు. మూడో టెర్మినల్లో సీతాకోకచిలుకల తోట ఉంది, ఉచితంగా సినిమాలు చూపించే హాలుంది, డబ్బు కడితే వేణ్ణీళ్ళ స్నానం ఉంది. బయటికి వెళ్ళే వీలులేని వాళ్ళకి అవే దిక్కు, మంచి దిక్కే. మీకు మాత్రం వీలుంది. భారత పాస్‌పోర్టు మీద ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్, కెనడా, న్యూజిలాండ్, జర్మనీ, జపాన్, స్విట్జర్లాండ్‌లలో ఏ ఒక్క దేశపు వీసా ఉన్నా, దానికి కనీసం నెల రోజుల గడువు మిగిలి ఉంటే, వేరే దేశానికి పోతూ మధ్యలో 96 గంటల దాకా సింగపూర్ వీసా లేకుండానే దిగొచ్చు. ముందుకెళ్ళే టికెట్టు ఖాయమై ఉండాలి. సింగపూర్ అరైవల్ కార్డు ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. దానికి డబ్బడిగే వెబ్‌సైటు ప్రభుత్వానిది కాదు. ఆస్ట్రేలియా వీసా పాస్‌పోర్టులో అంటించి ఇవ్వరు కాబట్టి వీసా మంజూరైన కాగితం ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి. ఫోన్లో ఉందిలే అనుకుంటే, ఆ ఫోన్ చార్జింగ్ సరిగ్గా అక్కడే అయిపోతుంది. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది చివరికి కౌంటర్లో అధికారి ఇష్టం.

అధికారి మీ కాగితం చూస్తాడు, మొహం చూస్తాడు, తలూపుతాడు. అంతే, బయట పడ్డారు. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీదుంటే పెద్ద సూట్‌కేసులు నేరుగా మెల్‌బోర్న్‌కే పోతాయి. విడివిడిగా కొన్న టికెట్లయితే సామాను మీరే తీసుకుని, మళ్ళీ చెక్ఇన్ చేయాలి. అందాకా డబ్బు తీసుకుని భద్రపరిచే చోటు విమానాశ్రయంలోనే ఉంది. భుజాన ఒక సంచీ మించి ఉంచుకోకండి. దాంట్లో గొడుగు తప్పదు. ఖైనీ, గుట్కా పొట్లాలుంటే అసలు హైదరాబాద్‌లోనే పారేసి రావాల్సింది, నమిలే పొగాకు ఈ దేశంలోకి తేవడం నిషిద్ధం.

జువెల్ ఇక్కడే ఉంది కదా, ముందు అది చూసేద్దాం అనిపిస్తుంది. వద్దు. మోషే సఫ్దీ రూపకల్పన చేసిన ఆ గాజు గోపురం 2019లో తెరిచారు. దాని నడినెత్తి నుంచి నలభై మీటర్ల జలపాతం దూకుతుంది, ఇంటి కప్పు కింద ఉన్న జలపాతాల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తయినది. కానీ ఈ వేళప్పుడు నీళ్ళుండవు. బాగా పొద్దెక్కాక గానీ వదలరు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఎలాగూ దారిలోనే తగులుతుంది.

రెండు, మూడు టెర్మినళ్ళ కింద మెట్రో స్టేషన్. ఇక్కడ దాన్ని ఎంఆర్టీ అంటారు. టికెట్టు కొనక్కర్లేదు. విదేశీ లావాదేవీలకు అనుమతి ఉన్న మీ బ్యాంకు కార్డునే గేటు మీద ఆనిస్తే తలుపులు తెరుచుకుంటాయి. ఊళ్ళోకి వెళ్ళడానికి రెండు సింగపూర్ డాలర్ల పైచిలుకు. ఒక్క స్టేషన్ దాటగానే ఎక్స్‌పోలో దిగి డౌన్‌టౌన్ లైన్‌కు మారండి. డ్రైవర్ లేని రైలు. ముందు పెట్టె అద్దం దగ్గర నిలబడితే సొరంగం మీ మీదికి పరిగెత్తుకొస్తుంది. గోడ మీద హెచ్చరికలు చదువుతారు: తిండి తినరాదు, నీళ్ళు తాగరాదు, జరిమానా 500 డాలర్లు. దురియన్ పండు బొమ్మ మీద అడ్డగీత. అటూ ఇటూ బడిపిల్లలు, ఆఫీసు జనం, ఒక్కరూ మాట్లాడరు.

ఈ లైన్‌లో ఒక తిరకాసుంది, అదే ఇవాళ మీ దారి గీస్తుంది. మీరు పోవాల్సింది భారతీయుల పేట లిటిల్ ఇండియాకి. ఆ పేరున్న స్టేషన్‌కే వెళ్ళాలని పట్టుబట్టి కూర్చుంటే, రైలు మిమ్మల్ని దాని పొలిమేర దాకా తీసుకొచ్చి, అక్కణ్ణించి దక్షిణానికి తిరిగి, చైనాటౌన్, సముద్రతీరం అన్నీ చుట్టబెట్టి అప్పుడు దింపుతుంది. ఆ చుట్టు మొదలవకముందే జలాన్ బెసార్‌లో దిగిపోండి. పది నిమిషాల నడక. పొద్దున్న వదిలేసిన ఆ చుట్టే మధ్యాహ్నం పనికొస్తుంది.

మెట్లెక్కి పైకి రాగానే తడి బట్ట కప్పినట్టు ఉక్క మీద పడుతుంది. ఇప్పుడిప్పుడే వెలుగొచ్చింది. రోడ్డుకి రెండు పక్కలా రెండంతస్తుల పాత దుకాణపు ఇళ్ళు, పసుపు, నీలం, గులాబీ రంగుల్లో. కింద అంగడి, పైన కాపురం. ప్రతి ఇంటి ముందూ పై అంతస్తు నీడలో నడిచే దారి, మన పాత ఇళ్ళ అరుగులన్నీ ఒకదానికొకటి కలిపేసినట్టు వీధి పొడుగునా సాగుతుంది. 1822లో బ్రిటిష్ అధికారి స్టాంఫర్డ్ రాఫెల్స్ వేయించిన నగర పథకంలోనే, ప్రతి ఇంటి ముందూ ఇలాంటి కప్పున్న దారి వదలాలని నియమం పెట్టారు. అప్పటి ఎండా వానా ఇప్పుడూ అవే, ఆ దారీ అలాగే పనిచేస్తోంది.

లిటిల్ ఇండియా బజారు టెక్కా సెంటర్‌లోకి అడుగుపెడితే ముక్కే ముందు మేలుకుంటుంది. ఒక పక్క చేపల బజారు: మంచు మీద వంజరం, కాళ్ళు కట్టేసిన పీతలు, నేలంతా నీళ్ళు. అరటాకుల కట్టలు, కరివేపాకు, మునక్కాయలు. ఇంకో పక్క తిండి అంగళ్ళు వరసగా. ఖాళీ బల్ల కనిపిస్తే కూర్చునేముందు చూడండి. దాని మీద చిన్న టిష్యూ కాగితాల పొట్లం ఉంటే ఆ చోటు ఎవరిదో అని లెక్క. బస్సు సీట్లో రుమాలు వేసిన జాతికి ఈ చట్టం వివరించక్కర్లేదు. అప్పాలు తినండి, లేదా పెనం మీద విసిరి విసిరి పల్చగా చేసి మడిచిన ప్రాటా. పక్కన తే తారిక్: ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి బారెడు ఎత్తు నుంచి పోసి నురగ తెప్పించిన పాలచాయ. తీపి ఎక్కువ, ముందే చెప్పండి. కొన్ని అంగళ్ళు కార్డు తీసుకోవు కనుక కాస్త నగదు దగ్గరుండాలి. తిన్నాక పళ్ళెం తీసుకెళ్ళి పెట్టే చోట పెట్టాలి, ఇక్కడ అది మర్యాదే కాదు, చట్టం కూడా. మలయ్, చైనీస్, భారతీయ వంటలు ఒకే కప్పు కింద, సామాన్యుడి ధరకి దొరికే ఈ హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ ఊళ్ళో కట్టిన ఏ గాజు మేడకన్నా ఇదే గొప్పదని నా లెక్క.

రోడ్డు దాటితే బఫెలో రోడ్డు. ఒకప్పుడు ఈ పేటంతా పశువుల వ్యాపారం. వెనక వీధిలో 1900లో తాన్ తెంగ్ నియా అనే చైనా మిఠాయి వ్యాపారి కట్టుకున్న ఇల్లుంది. ఒక్కో తలుపు రెక్కకీ ఒక్కో రంగు. ఫొటో తీసుకోండి, అందరూ తీసుకుంటారు. తర్వాత సెరంగూన్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా నడవండి. బంగారం కొట్లు, ఫోన్ కొట్లు, పూలమాలలు కట్టే బల్లలు, 1947 నుంచి శాకాహారం వడ్డిస్తున్న కోమల విలాస్. బోర్డుల మీద ఇంగ్లీషు పక్కన తమిళం, ఇక్కడి నాలుగు అధికార భాషల్లో అదొకటి. తెలుగు బోర్డు కనిపించదు గానీ తెలుగు మాట వినిపిస్తుంది. ఇవాళ ఆదివారమైతే మరీను: నిర్మాణ పనుల్లో వారమంతా గడిపిన తమిళులు, బంగ్లాదేశీయులు, మనవాళ్ళు ఈ వీధుల్లోనే కలుసుకుంటారు, ఇంటికి డబ్బు పంపుకుంటారు, పచ్చిక మీద కూర్చుని ఫోన్‌లో పిల్లలతో మాట్లాడుకుంటారు. ఈ నగరపు మేడల్ని పైకి లేపిన చేతులు అవి.

వీరమాకాళి అమ్మవారి గుడి దాటి ఇంకా ముందుకెళ్తే శ్రీనివాస పెరుమాళ్ కోవెల. 1855 నాటిది, 1978లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. తైపూసం నాడు కావడులెత్తిన భక్తుల ఊరేగింపు ఇక్కణ్ణించే బయలుదేరుతుంది. చెప్పులు విప్పి రాతి నేల మీద అడుగు పెట్టండి. రాత్రంతా సీట్లో ముడుచుకున్న కాళ్ళకి ఆ చల్లదనం చాలా అవసరం. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, పన్నెండు కొట్టకముందే చేరాలి.

బయటికొచ్చేసరికి ఆకాశం నల్లబడింది. ఉరుమొకటి, వెంటనే కుండపోత. ఎవరూ పరిగెత్తడం లేదు. కప్పున్న దారుల్లోకి జరిగి అదే నడక నడుస్తున్నారు. మీరూ అలాగే ఫారర్ పార్క్ స్టేషన్‌కి వెళ్ళండి. ఒక్క స్టేషన్ దూరంలో లిటిల్ ఇండియా. అక్కడ మళ్ళీ మన డౌన్‌టౌన్ లైన్, ఎక్స్‌పో వైపు. పొద్దున్న తప్పించుకున్న చుట్టు ఇప్పుడు కావాలనే తిరగండి: రోచోర్, బుగిస్, ప్రామెనాడ్, బేఫ్రంట్. అక్కడ దిగి సొరంగ మార్గంలో నడిస్తే గార్డెన్స్ బై ద బే. 2012లో తెరిచిన తోట. ఉక్కు, కాంక్రీటుతో నిలబెట్టి, మీదంతా మొక్కలు పాకించిన సూపర్‌ట్రీలు, పెద్దవి యాభై మీటర్ల ఎత్తు. కింద తిరగడానికి టికెట్టు లేదు. గాజు గుమ్మటాల్లోకి టికెట్టు కొని దూరాలనుకుంటే మాత్రం మానుకోమంటాను. అవి చూడదగ్గవే, కానీ ఇవాళ్టి టైము వాటికి చాలదు. బెంచీ మీద కూర్చుని వాన వెలిసిన గాలి పీల్చుకోండి.

మెర్లయన్, సెంటోసా, చైనాటౌన్, ఆర్చర్డ్ రోడ్డు... ఇవేవీ చూడలేదే అని ఎవరో అడుగుతారు. అడగనివ్వండి. అయిదు చోట్ల ఫొటోలు దిగి టాక్సీల్లో సగం పూట పోగొట్టుకునే కన్నా ఒక పేటలో నాలుగు గంటలు నడవడం మేలు. మోకాళ్ళు సహకరించని వాళ్ళకి వేరే దారుంది: అయిదున్నర నుంచి ఇరవై నాలుగు గంటల వరకు విరామం ఉన్న ప్రయాణికులకు విమానాశ్రయం వాళ్ళే ఉచితంగా రెండున్నర గంటల బస్సు యాత్ర నడుపుతారు. దానికీ పైన చెప్పిన వీసా నియమాలే. నెల్లూరు దంపతులకి నేనైతే అదే చెబుతాను.

మూడున్నరకల్లా బేఫ్రంట్‌లో రైలెక్కండి, ఎక్స్‌పోలో మారి చాంగీకి. జువెల్‌లో జలపాతం ఇప్పుడు పూర్తిగా దూకుతోంది, పావుగంట నిలబడి చూస్తే చాలు. తర్వాత లోపలికెళ్ళి స్నానం చేసి బట్టలు మార్చుకోండి. సెరంగూన్ రోడ్డులో కొన్న పూలమాల సంచీలో ఉంటే విమానం ఎక్కకముందే తీసేయండి. మిఠాయి పొట్లాలు, పచ్చళ్ళు మెల్‌బోర్న్‌లో దిగాక కాగితం మీద రాసి చూపించాల్సిందే, దాచితే భారీ జరిమానా. ఇంకొక్కటి. చాంగీలో ఒకటి, రెండు, మూడు టెర్మినళ్ళలో సెక్యూరిటీ తనిఖీ ముందుగా జరగదు, ఎక్కే గేటు దగ్గరే జరుగుతుంది. అక్కడ వరస ఉంటుంది, మంచినీళ్ళ సీసా ఖాళీ చేయిస్తారు. ఏడున్నర విమానానికి ఆరున్నరకే గేటు దగ్గరుండండి.