పాండేసరలో శిథిల భవనాలు: 264వ సెక్షన్ ఏం చెబుతుంది?

సూరత్ దక్షిణ భాగంలోని పాండేసర జీఐడీసీ పారిశ్రామిక వాడకు, అద్దకం, ప్రింటింగ్ మిల్లులకు పేరుపొందింది. మిల్లుల చుట్టుపక్కల వలస కార్మికుల అద్దె ఇళ్లు ఎక్కువ. కూలే స్థితిలో ఉన్న కట్టడాన్ని బాగుచేయాలనో, తొలగించాలనో యజమానికి గానీ అందులో ఉంటున్నవారికి గానీ నగరపాలక సంస్థ నోటీసు ఇవ్వొచ్చు. 1949 నాటి గుజరాత్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలోని 264వ సెక్షన్ ఈ అధికారం ఇస్తోంది.

అయితే నోటీసు పాత భవనాలకే పరిమితమైన విషయం కాదు. 2024 జులై 6న సూరత్ శివార్లలోని సచిన్ పాలీ గ్రామంలో బహుళ అంతస్తుల భవనం కూలి ఏడుగురు చనిపోయారు. దాన్ని కట్టింది 2016-17లోనే. మరమ్మతు యజమాని చేతిలో ఉంటే, ప్రాణాపాయం అద్దెకున్నవారిది. స్తంభాల్లో పగుళ్లు, పెచ్చులూడి బయటపడ్డ ఇనుము కనిపిస్తే జోన్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోవడం మేలు.