జాబు రాని కథలు: అభిమానరచనల చరిత్రలో పాఠకస్పందన

వ్యాససంగ్రహం: ప్రసిద్ధమైన కథలోని పాత్రలను, లోకాన్ని తీసుకొని అభిమానులు రాసే కొత్త కథలే ఫ్యాన్ ఫిక్షన్. వీటికి పారితోషికం ఉండదు. పాఠకుని మాటే ప్రతిఫలం. ఆ మాట రానప్పుడు కలిగే నిరుత్సాహాన్ని ఆంగ్లంలో రాసే అభిమానరచయితలు ఏయే మార్గాల్లో ఎదుర్కొన్నారో ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫ్యాన్ ఫిక్షన్, అభిమానపత్రిక, పాఠకస్పందన, కుడోస్, సమానధర్ముడు.

1. ఉపోద్ఘాతం

ఆదరణ కరువైన రచయిత ఆవేదన కొత్తది కాదు. కాలం అనంతమైనదనీ, భూమి విశాలమైనదనీ, తనవంటి సమానధర్ముడు ఎప్పుడో ఎక్కడో పుడతాడనీ భవభూతి ‘మాలతీమాధవమ్’ ప్రస్తావనలో ఊరట చెందాడు. అభిమానరచయితకు ఈ ఊరట సులభంగా దొరకదు. అతని పాఠకులు ప్రధానంగా ఆ మూలకథను అదే కాలంలో ప్రేమిస్తున్నవారే. వారే పలకకపోతే భావితరాలపై ఆశ పెట్టుకోవడం కష్టం.

2. ఉత్తరమే మూల్యం

హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 1926లో ప్రారంభించిన ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రిక పాఠకుల ఉత్తరాలను చిరునామాలతో సహా ముద్రించింది. దానివల్ల అభిమానులు ఒకరికొకరు నేరుగా రాసుకోగలిగారు. 1930లో వెలువడిన ‘ది కామెట్’ తొలి అభిమానపత్రికగా పేరొందింది. అభిప్రాయలేఖ రాసినవారికి, రచన పంపినవారికి, తమ పత్రికను బదులుగా ఇచ్చినవారికి సంచికను ఉచితంగా పంపే ఆచారం ఈ రంగంలో స్థిరపడింది. అంటే ఉత్తరానికి డబ్బుతో సమానమైన విలువ ఉండేది.

‘స్టార్ ట్రెక్’ ధారావాహిక 1966లో మొదలైంది. మరుసటి ఏడాదే దేవ్రా లాంగ్సమ్, షెర్నా కొమర్‌ఫర్డ్ ‘స్పాకనేలియా’ వెలువరించారు. ఇటువంటి పత్రికలు తెలుగునాట సైక్లోస్టైల్ అని పిలిచే పద్ధతి వంటి దానిలో అచ్చయి, తపాలాలో చేరేవి. స్పందన రావడానికి నెలలు పట్టేది. సంచిక మొత్తం మీద రాసిన ఉత్తరంలో ఒక్కొక్క కథకు ఒకటి రెండు వాక్యాలు దక్కినా దక్కినట్లే. అందువల్ల మౌనం ఆనాడు సహజస్థితిగా ఉండేది.

3. మౌనం కంటే కఠినమైన మాట

1973లో పాలా స్మిత్ ‘మెనాజరీ’ పత్రికలో మేరీ స్యూ అనే సర్వసమర్థురాలైన బాలికను సృష్టించి, అనుభవం లేని రచయితల కథలను పరిహసించారు. ఆ పేరు క్రమంగా ఒక నిందావాచకమైంది. ఆ ముద్ర పడుతుందన్న భయంతో కొందరు రచయిత్రులు బలమైన స్త్రీపాత్రల జోలికే వెళ్ళలేదని కమీల్ బేకన్-స్మిత్ 1992 నాటి తన గ్రంథంలో చర్చించారు. స్పందన లేకపోవడం వలెనే స్పందన తీరు కూడా కలాన్ని ఆపగలదని ఇది నిరూపిస్తుంది.

4. లెక్కకు వచ్చిన మౌనం

1998లో ఫ్యాన్‌ఫిక్షన్.నెట్ వచ్చాక పాఠకుడు కథ కిందనే సమీక్ష రాయగలిగాడు. ఆంగ్లం మాతృభాష కాని కిశోర రచయితలు, తాము భాష నేర్చుకుంటున్నామని ముందుమాటలో చెప్పుకొని సహృదయ విమర్శను కోరిన వైనాన్ని రెబెకా బ్లాక్ 2008లో వివరించారు. 2009లో ప్రజలకు అందుబాటులోకి వచ్చిన ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్, 2010 చివరలో ‘కుడోస్’ను ప్రవేశపెట్టింది. ఒక్క నొక్కుతో మెప్పు తెలిపే సౌకర్యమిది.

ఇక్కడే ఒక కీలకమైన మార్పు జరిగింది. ఉత్తరం రాయని పాఠకులు ఎందరో పాత రచయితకు తెలియదు. నేటి రచయితకు కథను తెరిచినవారి సంఖ్య, మాట్లాడినవారి సంఖ్య పక్కపక్కనే కనిపిస్తాయి. మౌనంగా చదివి వెళ్ళడం పాత అలవాటే అయినా, సంఖ్యల రూపంలో అది తీర్పులా తోస్తుంది. నిజానికి ఆ సంఖ్యకు మౌనకారణం తెలియదు. పాఠకుడు మొహమాటపడ్డాడా, మాటలు దొరకలేదా, సగంలో ఆపేశాడా అన్నది అది చెప్పలేదు.

5. ఎదుర్కొన్న మార్గాలు

సమష్టి ఏర్పాట్లు ఈ నిరుత్సాహాన్ని కొంత తగ్గించాయి. 1937లో ఏర్పడిన ఫాంటసీ అమెచ్యూర్ ప్రెస్ అసోసియేషన్‌లో సభ్యులు తమ రచనలను ఒకే కట్టగా పంచుకొని, గత కట్టపై వ్యాఖ్యలు రాసేవారు. రాయడం, స్పందించడం అక్కడ ఒకే పనిలో భాగాలు. 2003లో మొదలైన ‘యూల్‌టైడ్’లో ఆదరణ తక్కువగా ఉన్న మూలకథలపై ఒకరు మరొకరి కోరిక మేరకు కథ రాస్తారు. ఎదురుచూసే పాఠకుడు కనీసం ఒక్కడైనా ముందే నిశ్చయమవుతాడు. ప్రచురణకు ముందే చదివి దిద్దే ‘బీటా రీడర్’ వల్ల కూడా ఇదే మేలు జరుగుతుంది.

సిసిలియా అరగాన్, కేటీ డేవిస్ 2019లో ప్రచురించిన గ్రంథం, విడివిడిగా చిన్నవైన వ్యాఖ్యలు కలిసి గురుత్వంలా పనిచేస్తాయని ప్రతిపాదించింది. ఈ దృష్టితో చూస్తే స్పందన కోరడం కేవలం కీర్తికాంక్ష కాదు, నేర్చుకోవాలన్న ఆకాంక్ష కూడా. ‘నీకోసం నువ్వు రాసుకో’ అన్న సలహా అందుకే సగం మందు మాత్రమే.

6. ముగింపు

మౌనం ఈ రచనారంగానికి పుట్టుకతో వచ్చింది. దాన్ని కొలిచే సాధనం మాత్రమే కొత్తది. నిలదొక్కుకున్న సంఘాలు పెద్ద సంఖ్యల కోసం చూడక ఒక్క పాఠకుణ్ణి ముందే కుదుర్చుకున్నాయి. రచయితను ఇతరుల కథలకు పాఠకుణ్ణి కూడా చేశాయి. సమానధర్ముడు పుట్టేదాకా వేచి ఉంటానన్నాడు భవభూతి. అభిమానరచయితలు మరొకరికి తామే సమానధర్ములై ఆ నిరీక్షణను తగ్గించుకున్నారు.