పాతిక డాలర్ల తుపాకీ, పందెపు కొలతలు

1897లో అమెరికాలోని విన్‌చెస్టర్ కంపెనీ ఒక పంప్ తుపాకీని పాతిక డాలర్లకు అమ్మకానికి పెట్టింది. నగిషీ చెక్కి, మేలురకం చెక్క బిగించినదైతే వంద డాలర్లు. కూలికి రోజంతా కష్టపడితే ఒకటిన్నర, రెండు డాలర్లు గిట్టే కాలమది. అంటే రెండు మూడు వారాల సంపాదనతో సాదా రకం చేతికొచ్చేది. లండన్‌లో ఒంటికి కొలతలిచ్చి చేయించుకునే జంట గొట్టాల తుపాకీని ఆ మనిషి జన్మలో కొనలేడు. అయినా ఆ రెండు తుపాకులూ ఒకే మైదానంలో, ఒకే వరుసలో నిలబడి పోటీపడ్డాయి. పాతిక డాలర్ల తుపాకీ ఆ వరుస దాకా రావడంలో కార్ఖానా పాత్ర ఎంత ఉందో, దాన్ని కొన్నవాళ్ల పనితనం కూడా అంతే ఉంది. చెక్కకు అతుకు వేసి, గొట్టం మూతి సరిచేయించి, సొంతంగా తూటాలు నింపుకుని దాన్ని పందేనికి పనికొచ్చేలా మలిచింది వాళ్లే. తుపాకీ చరిత్రలు కంపెనీల గురించి చెప్పినంతగా వాళ్ల గురించి చెప్పవు.

ఆట అంతకుముందే పుట్టింది. మొదట్లో ఇంగ్లండ్‌లో బతికున్న పావురాలను పెట్టెల్లోంచి వదిలి కొట్టేవారు. అమెరికాలో 1860ల నుంచి గాజు బుడ్లు ఎగరేయడం మొదలైంది. కెప్టెన్ ఆడమ్ బొగార్డస్ వాటిని విసిరే యంత్రానికి మెరుగులు దిద్ది ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. గాజు పెంకులతో నేల పాడయ్యేది, పైగా బుడ్డి పిట్టలా ఎగిరేది కాదు. సిన్సినాటికి చెందిన జార్జ్ లిగోస్కీ 1880లో చిన్న పళ్లెం ఆకారంలో మట్టి పావురానికి పేటెంట్ తీసుకున్నాడు. అది గిర్రున తిరుగుతూ గాలిని కోసుకుపోయేది. 1893లో బతికున్న పావురాలతో మొదలైన గ్రాండ్ అమెరికన్ పోటీలు 1900 కల్లా మట్టి పావురాలకూ విస్తరించాయి.

పంప్ తుపాకీ అదృష్టమంతా ట్రాప్ అనే ఈ ఆట నియమంలో ఉంది. అమెరికన్ ట్రాప్‌లో సింగిల్స్ అంటే ఒక్క పావురానికి ఒక్కటే దెబ్బ. పావురాన్ని విసిరే గదికి 16 గజాల వెనక అయిదు చోట్ల నిలబడి, ఒక్కో చోట అయిదు చొప్పున పాతిక కొట్టాలి. ఒకే దెబ్బ అన్నప్పుడు రెండో గొట్టంతో పనేముంది? ధనవంతుడి చేతిలోని జంట గొట్టాల్లో ఒకటి అక్కడ అలంకారమే. నిలకడగా పేలే ఒక్క గొట్టం ఉంటే చాలు, బీదవాడు సమానుడైపోతాడు. బాగా కొట్టేవాళ్లను 27 గజాల దాకా వెనక్కి జరిపే హ్యాండీక్యాప్ పద్ధతి కూడా ఆ సమానత్వానికి తోడైంది.

పంప్ యంత్రాంగాన్ని మొదట వ్యాపారానికి తెచ్చింది క్రిస్టఫర్ స్పెన్సర్. అమెరికా అంతర్యుద్ధంలో వాడిన స్పెన్సర్ రైఫిల్ కూడా ఆయనదే. 1882 నాటి ఆ తుపాకీ తర్వాత జాన్ బ్రౌనింగ్ 1893లో ఒకటి రూపొందించాడు. దాన్ని గట్టిపరిస్తే వచ్చిందే 1897 మోడల్. గొట్టం కింద పట్టుకునే చెక్కను వెనక్కి లాగితే ఖాళీ డొల్ల బయటపడుతుంది, ముందుకు తోస్తే కొత్త తూటా గదిలోకి ఎక్కుతుంది. వెనక సుత్తి బయటికే కనపడుతుంది. ఈ మోడల్ పది లక్షలకు పైగా తయారై, 1957 దాకా కార్ఖానాలో నిలిచింది. ఎలిజబెత్ టాపర్‌వైన్, జనం ముద్దుగా ప్లింకీ అని పిలిచిన ప్రదర్శన షూటర్, ఈ రకం తుపాకీతోనే 5 గంటల 20 నిమిషాల్లో 2,000 మట్టి పావురాలకు 1,952 కొట్టింది. అన్నిసార్లు భుజం మీద దెబ్బ తింటూ, అన్నిసార్లు చేత్తో లాగుతూ, తోస్తూ. ఆ అంకె చూశాక ఈ తుపాకీని రెండో రకమని ఎవరంటారు?

అయితే దుకాణంలో కొన్నది కొన్నట్టు పందేనికి పనికిరాదు. వేట కోసం చేసిన తుపాకీలో భుజానికి ఆనించే చెక్క, అంటే స్టాక్, పల్లంగా ఉంటుంది. ట్రాప్ పావురం లేస్తూ, దూరమవుతూ పోతుంది కాబట్టి దెబ్బ గురికి కాస్త పైన పడాలి. గుళికలు చిమ్మే ఈ రకం తుపాకీని షాట్‌గన్ అంటారు. షాట్‌గన్‌కు వెనక గురి ఉండదు, షూటర్ కన్నే వెనక గురి. చెంప ఆనే చోట చెక్క ఎంత ఎత్తుంటే దెబ్బ అంత పైన. అంగుళంలో ఎనిమిదో వంతు ఎత్తు పెంచితే 40 గజాల దగ్గర దెబ్బ నాలుగైదు అంగుళాలు పైకి జరుగుతుంది. ఇది మామూలు లెక్కే. గొట్టం మూతి దగ్గరి పూసకూ కంటికీ మధ్య గజానికి కాస్త పైచిలుకు దూరం ఉంటుంది, 40 గజాలకు తేడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అందుకే తక్కువ ఖర్చులో చేసే పనుల్లో మొదటిది ఎప్పుడూ చెక్క పనే అయింది. మందుల దుకాణంలో కాళ్ల బొబ్బలకు అమ్మే జిగురు గుడ్డను పొరలు పొరలుగా చెంప కింద అతికించేవారు. తోలు దిండును తాళ్లతో బిగించేవారు. భుజం దగ్గర రబ్బరు మెత్త వేసి పొడవు సరిచేసుకునేవారు. ఆపైన ఒక పెద్ద కాగితం మీద కాల్చి, గుళికలు ఎక్కడ గుమిగూడుతున్నాయో చూసి, మరో పొర వేయడమో తీయడమో. వందల డాలర్ల తుపాకీలో ఉండేది ఇదే కొలత. దాన్ని కొలిచి చేసిచ్చేది లండన్ పనివాడు, ఇక్కడ మనిషి తానే కొలుచుకున్నాడు. షూటింగ్ ఆటలో ఇంత గౌరవించదగ్గ పని మరొకటి లేదు.

1912లో విన్‌చెస్టర్ మోడల్ 12 వచ్చింది. థామస్ జాన్సన్ సుత్తిని లోపలికి దాచేసి, యంత్రాంగాన్ని నున్నగా, నిక్కచ్చిగా తీర్చాడు. దాదాపు 20 లక్షలు తయారయ్యాయి. ట్రాప్ కోసమే చేసిన రకం ఖరీదెక్కువ కావడంతో చాలామంది సాదా వేట రకం కొని, వీలైనప్పుడల్లా ఒక్కో భాగం చేర్చుకుంటూ పోయారు. గొట్టం మీద గాలి ఆడే పట్టీ కావాలంటే కాన్సస్ సిటీలోని సిమన్స్ వాళ్ల దగ్గర వేయించేవారు. గొట్టం మూతి బిగువును చోక్ అంటారు. ఎంత బిగువైతే గుళికలు అంత దగ్గరగా పోతాయి. ఒకే గొట్టంతో వేటకూ పందేనికీ సరిపోవాలంటే మూతికి పాలీ చోక్ బిగించి, వేళ్లతో తిప్పి బిగువు మార్చుకునేవారు. చూడటానికి అందంగా ఉండదని కొందరు మూతి విరిచేవారు, పని మాత్రం అందంగానే చేసేది.

బిగువు మార్చుకోవాల్సిన అవసరం స్కీట్‌తో ఇంకా పెరిగింది. మసాచుసెట్స్‌లోని ఆండోవర్‌లో చార్లెస్ డేవిస్ తన వాళ్లతో గుండ్రంగా తిరుగుతూ కాల్చే సాధన మొదలుపెట్టాడు. పక్క స్థలంలో కోళ్ల ఫారం రావడంతో అటువైపు కాల్చే వీల్లేక వృత్తాన్ని సగానికి తగ్గించి, రెండో విసురు యంత్రాన్ని ఎదురుగా పెట్టారు. అలా పుట్టిందే స్కీట్. అక్కడ పావురం దగ్గర నుంచే పోతుంది, బిగువైన గొట్టం పనికిరాదు.

1950లో రెమింగ్టన్ 870 వచ్చాక లెక్క మళ్లీ మారింది. సుమారు 70 డాలర్ల ధర. పైపెట్టెను ఉక్కు దిమ్మలోంచి చెక్కినా, లోపలి చిన్న భాగాలెన్నో అచ్చు ఒత్తినవి కావడంతో అంత చవగ్గా వచ్చింది. ముందున్న మూత విప్పితే గొట్టం ఊడొస్తుంది, ఇంకోటి పెట్టుకోవచ్చు. వేటకొకటి, ట్రాప్‌కొకటి. అదే ఏడాది గ్రాండ్ అమెరికన్‌లో రూడీ ఎచెన్ కొత్త 870 తో డబుల్స్‌లో నూరుకు నూరు కొట్టాడు. డబుల్స్ అంటే ఒకేసారి రెండు పావురాలు. మొదటిదాన్ని కొట్టి, చెక్క లాగి తోసి, రెండోది నేల చేరేలోపు కొట్టాలి. తండ్రి ఫ్రెడ్ ఎచెన్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన అమెరికా ట్రాప్ జట్టు సభ్యుడు. కొడుకు ఆ నైపుణ్యాన్ని దుకాణపు ధర తుపాకీతో చూపించాడు.

ఖర్చు విషయంలో తూటాలది పెద్ద వాటా. తుపాకీ ఒక్కసారి కొంటాం, తూటాలు ప్రతి వారం కావాలి. 1960లో రెమింగ్టన్ ప్లాస్టిక్ డొల్లల తూటాలు తెచ్చాక, అవి కాగితం డొల్లల కన్నా ఎక్కువసార్లు నింపుకోవడానికి పనికొచ్చాయి. విస్కాన్సిన్‌లోని మేవిల్ ఇంజనీరింగ్ కంపెనీ యంత్రాలతో సాయంత్రాల్లో ఇంట్లోనే నింపుకునేవారు. ఇక్కడ పంప్‌కు ఒక సౌలభ్యం ఉంది. తనంతట తాను తూటా ఎక్కించుకునే తుపాకీ మందు తక్కువైతే మొరాయిస్తుంది. పంప్‌ను నడిపేది చెయ్యి కాబట్టి తేలిక తూటాకూ ఆగదు. డొల్లను ఎక్కడో విసిరేయకుండా షూటర్ మెల్లగా తెరిచి జేబులో వేసుకుంటాడు.

1963లో రెమింగ్టన్ 1100 వచ్చింది. పేలిన వాయువుతోనే నడుస్తూ, భుజానికి మెత్తగా తగిలే తుపాకీ అది. మరుసటి ఏడాదే యంత్రపు పని ఖర్చు భరించలేక విన్‌చెస్టర్ మోడల్ 12 మామూలు ఉత్పత్తిని ఆపేసింది. అంతర్జాతీయ ట్రాప్‌లోనైతే పంప్‌కు మొదటి నుంచీ చోటు తక్కువ. అక్కడ పావురం ఇంకా వేగంగా పోతుంది, రెండు దెబ్బలకు అనుమతి ఉంది. అందుకే కింద ఒకటి, మీద ఒకటి గొట్టాలున్న తుపాకీదే రాజ్యం. 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడి, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం తెచ్చిన హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్‌ది ఆ బాటే.

పాత పంప్‌కు మళ్లీ పందెం దొరికింది మాత్రం వేరే చోట. 1980లలో మొదలైన కౌబాయ్ షూటింగ్ పోటీల్లో బయటికి సుత్తి ఉన్న 1897 మోడల్‌ను అనుమతిస్తారు, సుత్తి దాచిన మోడల్ 12ను అనుమతించరు. ఒక్కసారి రెండు తూటాలే ఎక్కించాలి. తాతల నాటి తుపాకీ మూలన పడున్నవాళ్లు దాన్ని దులిపి బయటికి తెచ్చారు. అది లేనివాళ్లకు చైనాలో చేసిన నకళ్లు ఉన్నాయి. మూడు తుపాకుల పోటీల్లోనూ హీమ్యాన్ అనే విభాగం షాట్‌గన్ పంప్ అయి ఉండాలని పట్టుబడుతుంది. ఈ పోటీల్లో సమయం పోయేది కాల్చడంలో కాదు, తూటాలు ఎక్కించడంలో. అందుకే మేస్త్రీలు తూటా దూరే సందు అంచులను అరగదీసి నున్నచేస్తారు. పాత 97 ఏదైనా సరే, మెరుగులకన్నా ముందు తూటా గది లోతు కొలిపించాలి. తొలినాటి 12 బోర్ గదులు కొన్ని 2⅝ అంగుళాలే, నేటి తూటా విచ్చుకుంటే 2¾ అంగుళాలు. పావు అంగుళం కన్నా చిన్నదైన ఆ తేడాకే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. యంత్రాంగం బిగువు, సుత్తి పట్టు కూడా అదే రోజు చూపించుకుంటే, చెక్కకూ చెంపకూ ఖర్చు పెట్టడం ఆ తర్వాతి వారం మొదలుపెట్టొచ్చు.